కొత్త మదుపరుల పుస్తకం అట్ట మీద ఎద్దు బొమ్మ ఉండాలా?

ఓఎంఆర్ ఇంజినీరు (చర్చ ప్రారంభం):
చెన్నైలోని మన తెలుగు మదుపరుల బృందం కొత్తవారి కోసం తెస్తున్న చిన్న పుస్తకానికి అట్ట మీద, పెరిగే మార్కెట్‌కు గుర్తుగా, కొమ్ములు విసురుతున్న ఎద్దు (బుల్) బొమ్మను, లోపల వేగంగా ఎదిగిన ఆసియా ఆర్థిక వ్యవస్థల మీద ‘ఆసియా పులులు’ అనే అధ్యాయాన్ని ప్రతిపాదించారు. జోరుగా పెరిగే మార్కెట్లను జంతువులతో పోల్చి చెప్పడం కొత్తవారికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది అచ్చుకు పోకముందే తేల్చుకోవాలి. సభ్యులు తమ అభిప్రాయాలు తెలపగలరు.

పాత సబ్ బ్రోకరు:
తప్పకుండా ఉండాలి. సెకండ్ లైన్ బీచ్‌లో మద్రాసు స్టాక్ ఎక్స్ఛేంజి నడిచిన కాలం నుంచి నేను షేర్లు కొని, అమ్మిపెట్టే ఈ వ్యాపారంలో ఉన్నాను. పత్రికలో ‘రంకె వేసిన బుల్’ అన్న శీర్షిక చూడగానే, అంకెలంటే భయపడేవారికి కూడా ఆనాటి మార్కెట్ సంగతి తెలిసిపోయేది. బొమ్మ లేని పుస్తకాన్ని కొత్తవారు తెరిచి కూడా చూడరు.

పెరంబూరు వాసి:
తెరిచి చూడటం వేరు, తెలుసుకోవడం వేరు. న్యూయార్కులోని ఎద్దు విగ్రహాన్ని 1987 పతనం తరువాత, 1989 డిసెంబరులో, ఆర్టురో డి మోడికా అనే శిల్పి ఎవరి అనుమతీ అడగకుండా తెచ్చి నిలబెట్టారు. దెబ్బ తిన్నవారికి ధైర్యం చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. మన బొంబాయి ఎక్స్ఛేంజి ముందు ఎద్దును నిలిపింది మాత్రం 2008 జనవరిలో, ఆ ఎక్స్ఛేంజి షేర్ల సూచీ సెన్సెక్స్ 21,000 దాటిన వేడిలో. 2009 మార్చి నాటికి అదే సూచీ 8,160 దగ్గరకు దిగివచ్చింది. 2007 చివర ఒక ఏజెంటు మా ఇంటికి వచ్చి, బుల్ పరుగు ఇప్పట్లో ఆగదని చెప్పి, నా గ్రాట్యుటీ మొత్తాన్ని షేర్లలో మదుపు చేసే ఒక ఈక్విటీ ఫండులో పెట్టించాడు. అది మా అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు.

కోడంబాక్కం మిత్రుడు:
1992లో, నకిలీ బ్యాంకు రసీదులతో బ్యాంకుల డబ్బును షేర్లలోకి మళ్లించిన కుంభకోణం బయటపడక ముందు, షేర్ బ్రోకరు హర్షద్ మెహతాను కూడా ‘బిగ్ బుల్’ అనే కీర్తించారు. ఈ సంగతిని పుస్తకంలో చేర్చాలి.

పాత సబ్ బ్రోకరు:
పెరంబూరు వాసి గారూ, విగ్రహం పెట్టినందువల్ల మార్కెట్ పడిపోయిందా? అమెరికా గృహరుణాలు మునిగి, 2008 సెప్టెంబరులో అక్కడి పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీస్తే ప్రపంచమంతా పడింది. మీరు ఆ ఫండు యూనిట్లను ఎప్పుడు అమ్మారో చెప్పండి. అది చెప్పకుండా ఎద్దును నిందించడం న్యాయం కాదు.

పెరంబూరు వాసి:
పెళ్లి ముహూర్తం మార్కెట్ కోలుకునే దాకా ఆగదు కాబట్టి, అవసరం వచ్చిన రోజే అమ్మాను. ఇక మీ పులుల సంగతి చూద్దాం. 1997 జూలై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ బాత్ విలువను నిలబెట్టుకోలేక వదిలేసింది, ఆ ఏడాది చివరికి దక్షిణ కొరియా అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) తలుపు తట్టింది. ‘కెల్టిక్ పులి’ అని పేరు మోసిన ఐర్లాండు 2010లో 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీకి ఒప్పుకోవలసి వచ్చింది.

పాత సబ్ బ్రోకరు:
థాయ్‌లాండ్ పులి కాదు, దానిని పులుల వెనుక ఎదుగుతున్న ‘పులిపిల్లల్లో’ లెక్కించేవారు. పులులు నాలుగే: హాంకాంగ్, సింగపూర్, దక్షిణ కొరియా, తైవాన్. కొరియా కూడా 2001 ఆగస్టు నాటికే, గడువు కంటే ముందే, ఐఎంఎఫ్ అప్పు తీర్చేసింది. ఆ పేరు ఎగుమతులకు, కర్మాగారాలకు, చదువులకు దక్కింది గాని షేర్ల ధరలకు కాదు.

పెరంబూరు వాసి:
షేర్ల ధరలకు సంబంధం లేనప్పుడు, షేర్లు కొనబోయేవారి పుస్తకంలో ఆ అధ్యాయం ఎందుకు?

ఓఎంఆర్ ఇంజినీరు:
ఒక విషయం ముందుంచుతాను. సూచీ ‘ఎగబాకింది’, ‘లంఘించింది’ అంటూ, దానికి సొంత సంకల్పం ఉన్నట్లు వర్ణిస్తే, ఆ వర్ణన విన్నవారు మరునాడు కూడా అది అటే సాగుతుందని ఎక్కువగా ఊహిస్తారని మైకేల్ మోరిస్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. పైగా అలాంటి వర్ణనలు పెరిగే మార్కెట్‌కే ఎక్కువగా దొరుకుతాయి. షేర్ల రాబోయే ధరల మీద కుదుర్చుకునే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) ఒప్పందాలలో, 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. వారిలో ఎందరిని బొమ్మ లాగిందో చెప్పలేము గాని, జాగ్రత్త అవసరమని మాత్రం చెప్పగలం.

పాత సబ్ బ్రోకరు:
ఎఫ్ అండ్ ఓ వేరు, మదుపు వేరు. రెండింటినీ కలపవద్దు.

పెరంబూరు వాసి:
కలిపి అమ్మేది మీవారే. ఆ రోజుల్లో ఈక్విటీ ఫండ్ కొంటే సాధారణంగా 2.25 శాతం దాకా ప్రవేశ రుసుము ముందే కోసేవారు, ఏజెంటు కమీషన్ అందులోంచే వచ్చేది. 2009 ఆగస్టులో సెబీ దాన్ని రద్దు చేసింది. నా డబ్బు పెరిగినా తరిగినా ఆ ఏజెంటుకు ముట్టవలసింది మొదటి రోజే ముట్టింది. మీకు ఎద్దు బొమ్మ ఎందుకు కావాలో నాకు అర్థమవుతూనే ఉంది.

పాత సబ్ బ్రోకరు:
ఈ మాట నేను సహించను. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,935 పాయింట్లు పడి 25,981 వద్ద ముగిసినప్పుడు, నేను ఒక్కొక్క ఖాతాదారుకు ఫోన్ చేసి అమ్మవద్దని బతిమాలాను. వాళ్లు అమ్మితే నాకు బ్రోకరేజి వచ్చేది, అయినా వద్దన్నాను. టీవీలో రోజంతా, పడే మార్కెట్‌కు గుర్తుగా వాడే ఎలుగుబంటి బొమ్మను చూసి బెదిరినవారు అమ్ముకున్నారు. 2021 జనవరిలో సూచీ 50,000 తాకినప్పుడు వాళ్లే వచ్చి, గట్టిగా ఎందుకు ఆపలేదని నన్ను తిట్టారు. ఆశ కంటే భయమే మధ్యతరగతిని ఎక్కువ ముంచిందని నేను నమ్ముతాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ దాటి అడుగు వేయని కుటుంబాలను లోపలికి పిలవడానికే ఈ పుస్తకం.

వేళచ్చేరి గృహిణి:
మీరిద్దరూ ఇంతసేపూ వాదించింది జంతువుల గురించి కాదు. ఈ పుస్తకం ఆహ్వానమా, హెచ్చరికా అన్నదే మీ తగువు. నాలాంటివారికి కావలసింది వేరు. ఏ డబ్బు పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు, నేను కొంటే ఎవరికి ఎంత ముడుతుంది, ఇవి మొదటి పుటలోనే రాస్తారా?

పెరంబూరు వాసి:
అవునమ్మా, నాకు ఇది హెచ్చరికగానే కావాలి. అయిదేళ్లలోపు అవసరపడే డబ్బు షేర్లలో ఉండకూడదన్న వాక్యం పెద్ద అక్షరాలలో ఉండాలి.

పాత సబ్ బ్రోకరు:
ఆ వాక్యానికి నా అభ్యంతరం లేదు. కమీషన్ల పట్టికను కూడా నేనే రాసి ఇస్తాను. ఎద్దును మాత్రం వదులుకోను.

పెరంబూరు వాసి:
అట్ట మీద ఎద్దు ఉంటే సంపాదకుల జాబితాలోంచి నా పేరు తీసేయండి.

ఓఎంఆర్ ఇంజినీరు:
సబ్ బ్రోకరు గారూ, కమీషన్ల పట్టికను ఆదివారం లోగా పంపగలరు. అట్ట విషయాన్ని బృందం ఓటుకు పెడుతున్నాను.