హీథర్ కుండీల్లో వేళ్ళు తినే పురుగులు: మందు పోయాలా, నులిపురుగులను వదలాలా?

పొదరిల్లు:
నా దగ్గర పన్నెండు హీథర్ (చిన్న పూలపొద) కుండీలు ఉన్నాయి. వాటిలో మూడు మొక్కలు పది రోజులుగా వాడిపోతుంటే నీళ్ళు చాలడం లేదనుకుని రోజూ పోశాను. నిన్న ఒక మొక్కను పట్టుకుని కదిపితే, ఏ బిగువూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు లేవు. కాండం మొదట్లో బెరడు కూడా గీకేసినట్టు ఉంది. మట్టిని కాగితం మీద పరిచి వెతికితే పదకొండు పురుగులు దొరికాయి. పాలమీగడ రంగు ఒళ్ళు, గోధుమరంగు తల, కొడవలిలా వంగి ఉన్నాయి. మిగిలిన తొమ్మిది కుండీలను కాపాడుకోవాలి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోయమని ఒకరు, పురుగులను చంపే నులిపురుగులను (నెమటోడ్లు అనే అతిసన్నని మట్టి జీవులను) వదలమని ఇంకొకరు చెబుతున్నారు. శరదృతువు మొదలైంది. ఏది సరైనది?

వేరుబలం:
మందే పోయండి, ఆలస్యం చేయకండి. హీథర్ ముదురు కొమ్మ నుంచి మళ్ళీ చిగురు వేయదు. దాని వేళ్ళు వెంట్రుకల కన్నా సన్నం, పైపైనే ఉంటాయి. అవి పోతే మొక్క తేరుకోదు. నేను వరుసగా రెండేళ్ళు నులిపురుగులు తెప్పించి పోశాను. మొక్కలూ పోయాయి, డబ్బూ పోయింది. మూడో ఏడు మందు పోశాక ఒక్క పురుగు కనబడలేదు.

తుమ్మెద:
వేరుబలం గారూ, మొక్కలు పోయిన బాధ నాకూ తెలుసు. అయినా ఈ సలహాను ఒప్పుకోలేను. ఇమిడాక్లోప్రిడ్ వేళ్ళ దగ్గర ఆగిపోదు. మొక్క దాన్ని పీల్చుకుని మకరందంలోకి, పుప్పొడిలోకి చేరుస్తుంది. హీథర్ పూసిన రోజున దాని పక్కన కాసేపు నిలబడితే చాలు, తేనెటీగలకు అదెంత అవసరమో తెలుస్తుంది. ఐరోపా సమాఖ్య 2018లో ఈ మందు ఆరుబయట వాడకాన్ని నిషేధించింది తేనెటీగల కోసమే. ఇంతకీ మీరు నులిపురుగులను ఎప్పుడు, ఎలా పోశారు?

వేరుబలం:
వసంతం చివర్లో, మొక్కలు వాడాక. పగటిపూటే, మామూలుగా నీళ్ళు పోసినట్టు పోశాను.

తుమ్మెద:
అయితే తప్పు నులిపురుగులది కాదు. వసంతం చివరికి పురుగులు కడుపు నిండా తిని ప్యూపా దశకు వెళ్తుంటాయి. వేసవి చివర నుంచి శరత్తు మొదటి దాకా, లార్వాలు చిన్నవిగా ఉన్నప్పుడు పోయాలి. ఎండ తగిలితే నులిపురుగులు చచ్చిపోతాయి కాబట్టి సాయంత్రమే పోయాలి. స్టైనర్‌నీమా క్రౌసీ అనే నులిపురుగు జాతి అయితే మట్టి 5 డిగ్రీల చల్లదనంలో ఉన్నా పనిచేస్తుంది. హెటెరోరాబ్డైటిస్ జాతికి 12 డిగ్రీలైనా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పీట్, అంటే కుండీ మట్టిలో ఉండే కుళ్ళిన నాచు. అది ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని లోపలికి రానివ్వదు. పోసిన నీళ్ళు కుండీ గోడ వెంట జారి అడుగు రంధ్రంలోంచి వెళ్ళిపోతాయి, వాటితోపాటే మీరు కొన్న నులిపురుగులూ పోతాయి. ముందు కుండీని నీళ్ళ బకెట్లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. అదనపు నీరు కారిపోయాక అప్పుడు నులిపురుగులను పోయాలి. ఆ తర్వాత రెండు వారాలు తడి ఆరకూడదు. అవి మట్టి రేణువుల మధ్య తడిలోనే ఈదుతూ వెళ్ళి పురుగు ఒంట్లో దూరి, తమలోని బాక్టీరియాను వదులుతాయి. పురుగు కొద్ది రోజుల్లోనే చస్తుంది.

మట్టివాసన:
పొదరిల్లు గారూ, ఆ పురుగులకు కాళ్ళు ఉన్నాయా? గోధుమరంగు తల ఉండి కాళ్ళు లేకపోతే అది వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు పిల్ల. మూడు జతల కాళ్ళుంటే పెంకుపురుగు జాతి వేరుపురుగు. అసలు పురుగే లేకుండా వేళ్ళు గోధుమరంగుకు మారి కుళ్ళితే అది ఫైటోఫ్తోరా తెగులు, దానికి ఈ రెండు మార్గాలూ పనికిరావు.

ఎదిగిన ముక్కుపురుగు సెంటీమీటరు పొడవు, నలుపు, ఎగరలేదు. అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే వందల గుడ్లు పెడుతుంది, కాబట్టి ఒక్కటి దూరినా చాలు. రోడోడెండ్రాన్ అనే పూలపొద ఆకు అంచుల్లో దాని కొరుకుడు గుర్తులు కనబడతాయి. హీథర్ ఆకులు మరీ చిన్నవి కావడంతో మొక్క వాడేదాకా మనకు తెలియదు. రాత్రి టార్చి వేసి వెతకండి. బూడిద మాత్రం చల్లకండి. దాని క్షారగుణం హీథర్‌కు పడదు, పురుగు కన్నా ముందు మొక్క పోతుంది.

వేరుబలం:
తుమ్మెద గారు చెప్పిన కాలం, తడి సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. కుండీల్లో అమ్మే కల్లూనాల్లో (హీథర్‌లో ఒక జాతి) చాలావరకు మొగ్గ విప్పని రకాలు. పువ్వే తెరుచుకోకపోతే తేనెటీగ ఎక్కడ వాలుతుంది? వాటికైనా మందు పోయకూడదా?

తుమ్మెద:
మంచి ప్రశ్న. పువ్వు మూసుకుని ఉన్నా కుండీ అడుగు మూసుకుని ఉండదు కదా. కారిన నీళ్ళు పక్క మొక్కల వేళ్ళకు చేరతాయి. మొక్క పోయాక ఆ మట్టిని మనం ఎరువు కుప్పలోనే వేస్తాం. ఈ మందు మట్టిలో నెలల తరబడి నిలుస్తుంది. నేను పోయను.

వేరుబలం:
కింద పళ్ళెం పెట్టి, మట్టిని విడిగా పారేస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఇక్కడ మన దారులు వేరు.

పొదరిల్లు:
కాళ్ళు లేవు, ముక్కుపురుగే. రాత్రి టార్చితో చూస్తే కుండీ అంచు కింద రెండు నల్లవి దొరికాయి. తొమ్మిది మొక్కలనూ కుండీల్లోంచి దించి చూశాను. నాలుగింటిలో పిల్లలు ఉన్నాయి. వేళ్ళు మెల్లగా కడిగి, ఆమ్లగుణం ఉన్న కొత్త మట్టిలో నాటాను. నా వాటిలో రెండు తప్ప అన్నీ పువ్వు విప్పేవే, అందుకని మందు జోలికి పోవడం లేదు. రేపు సాయంత్రం బకెట్లో ముంచి, నులిపురుగులను పోస్తాను. వాడిన మూడింటిలో ఒకదానికి అడుగున నాలుగు తెల్లటి వేళ్ళు మిగిలాయి. పైకొమ్మలు సగానికి కత్తిరించి నీడలో ఉంచాను.