మూడో విడతకే ప్లాటినం మందగిస్తోంది, కారణం తేల్చడం ఎలా?

బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిజరాల్‌ను గ్లిజరిక్ ఆమ్లంగా మార్చే పనిలో ఉన్నాను. ఉత్ప్రేరకంగా (చర్యను వేగవంతం చేసేదిగా) కార్బన్‌పై 5 శాతం ప్లాటినం, ఇంకా నీరు, 60 డిగ్రీల వేడి, ఆక్సిజన్. క్షారం కలపడం లేదు. మొదటి విడత చక్కగా సాగింది. అదే ఉత్ప్రేరకాన్ని వడపోసి, కడిగి వాడితే మూడో విడతకు సగం గ్లిజరాల్ అలాగే మిగిలిపోతోంది.

వడపోసిన ద్రవం తేటగానే ఉంది కానీ, కరిగిన ప్లాటినం కొద్దిపాటిగా ఉంటే కంటికి కనిపించదు కదా. ఒకటి గమనించాను: మధ్యలో ఆక్సిజన్ ఆపి అరగంట నైట్రోజన్ పంపితే వేగం కొంత తిరిగి వస్తోంది. ఆ మేరకు లోహపు ఉపరితలం అతిగా ఆక్సీకరణ చెందిందనీ, గ్లిజరాలే దాన్ని మళ్లీ క్షయకరణం చేస్తోందనీ అనుకుంటున్నాను. మిగిలిన నష్టం చర్యలో ఏర్పడే ఆమ్లాలు ప్లాటినానికి అంటుకోవడం వల్లనా, ప్లాటినం కణాలు కలిసి పెద్దవి కావడం వల్లనా? వేడి పలచని క్షారంతో కడిగి చూస్తే తేలుతుందా? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి, నా దగ్గర ఇక 2 గ్రాముల ఉత్ప్రేరకమే మిగిలింది.