మామిడిపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటే ఉంచాలా?

గంపెడుపళ్ళు: ఇంటిల్లిపాదీ తినడానికి ఒకేసారి పెట్టెడు కాయలు తెస్తే ప్రతిసారీ ఇదే వాదన. తేగానే ఫ్రిజ్‌లో పెట్టకపోతే కుళ్ళిపోతాయని కొందరు, పెడితే రుచి చచ్చిపోతుందని కొందరు. ఎవరిది సరి? కారణంతో చెప్పండి. సీతాఫలం, సపోటా, అనాస, లిచీల సంగతి కూడా చెప్తే మేలు.

దోరకాయ: ముగ్గని కాయ విషయంలో రెండోవాళ్ళదే సరి, ఇందులో నాకు అనుమానమే లేదు. ఇంటి ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీలుంటుంది. పచ్చి మామిడికి 12 డిగ్రీల కంటే తగ్గితే చలిదెబ్బ తగులుతుంది. తొక్క మీద బూడిదరంగు మచ్చలు, సన్నటి గుంటలు పడతాయి. కాయ ఒకపక్క మెత్తబడి, టెంక దగ్గర గట్టిగా పుల్లగా ఉండిపోతుంది. చిక్కేమిటంటే ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్ళూ కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. బయటపెట్టిన ఒకట్రెండు రోజులకు గానీ దెబ్బ కనపడదు. దాంతో కాయే మంచిది కాదనుకుని అమ్మినవాణ్ణి తిడతారు.

ఎండవేళ: దోరకాయ గారూ, మీ లెక్క గది చల్లగా ఉన్నప్పటిది. మామిడి చక్కగా ముగ్గేది 20 నుంచి 25 డిగ్రీల మధ్య. 35 దాటిన గదిలో ముగ్గడమే గాడి తప్పుతుంది, తొక్క మచ్చలుమచ్చలుగా రంగు తిరుగుతుంది, ముచ్చిక చుట్టూ నల్లబడి మెత్తబడుతుంది. పైగా పెట్టెడూ ఒక్కరోజే పండితే నలుగురు ఎన్నని తింటారు? పారేసుకోవడం కంటే రుచి కాస్త తగ్గినా ఫ్రిజ్ నయం కదా.

దోరకాయ: ముచ్చిక దగ్గరి నలుపు బూజు తెగులు. అది తోటలోనే కాయలో చేరి, కాయ మెత్తబడే దాకా అణిగి ఉంటుంది. చలి దాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప చంపదు. కాబట్టి పచ్చికాయకు ఫ్రిజ్ మందు కాదు. ఒకేసారి పండిపోకుండా ఉండాలంటే పెట్టె విప్పిన రోజే మూడు కుప్పలు చేయండి. సొన కారినవి, దెబ్బ తగిలినవి, ముచ్చిక ఊడినవి ముందు తినేయాలి. దోరవి మధ్య కుప్ప. గట్టివి ఇంట్లో అన్నిటికంటే చల్లగా, గాలి ఆడే మూలలో ఒకే వరసలో పేర్చాలి, పండిన వాటికి దూరంగా. పండు వదిలే ఇథిలీన్ వాయువే పక్కకాయను ముగ్గబెడుతుంది. తొందరగా కావాలంటే అదే వాయువును వాడుకోండి: నాలుగు కాయలు, బాగా పండిన ఒక అరటిపండు కాగితం సంచిలో వేసి మూతి మడవండి, రోజూ ఒకసారి విప్పి చూడండి. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కడిగి పెట్టడం కూడా వద్దు, కడగడం తినే ముందే.

కాయ పండిందో లేదో తెలియాలంటే ముచ్చిక పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోవాలి, అక్కడే వాసన రావాలి. రంగును నమ్మకండి, పచ్చగా ఉంటూనే పండే రకాలున్నాయి.

ఎండవేళ: మూడు కుప్పల పద్ధతి ఒప్పుకుంటాను. కానీ బాగా పండినదాన్ని కూడా బయటే ఉంచాలంటే మాత్రం ఒప్పుకోను.

దోరకాయ: నేనూ అనలేదు. ముగ్గిన పండు చలిని చాలావరకు తట్టుకుంటుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచొచ్చు.

తీపితొన: ఇక్కడ మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. చలిలో మామిడి సువాసన తయారవడం మందగిస్తుంది. ఆ వాసన లేనప్పుడు మిగిలేది తీపి ఒక్కటే. రేపటికి ఆగే పండును కూడా అలవాటుగా లోపల తోసేస్తున్నారు, అది అన్యాయం. తప్పక పెట్టాల్సి వస్తే తినడానికి అరగంట, ముప్పావుగంట ముందు బయటకు తీయండి. చల్లటి ముక్కలో తీపీ వాసనా రెండూ నాలుకకు సరిగా అందవు.

ఇక మిగతా పళ్ళు. అన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు. సపోటా, సీతాఫలం, బొప్పాయి, అరటి కోశాక పండేవి, వీటికి మామిడి నియమమే. సీతాఫలం మరీ సుకుమారం: గట్టిగా ఉండగా ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడి లోపల పండదు, కళ్ళు విచ్చి మెత్తబడ్డాక ఒకట్రెండు రోజులకు మించి ఉంచొద్దు. అరటి తొక్క నల్లబడినా పండినదైతే లోపలి గుజ్జు బాగానే ఉంటుంది. అనాస, లిచీ కోశాక తియ్యబడవు, ఎదురుచూసి లాభం లేదు. అనాసలో తీపిగా మారడానికి పిండి నిల్వ ఉండదు, బయట ఉంచితే మెత్తబడి పులుస్తుందంతే. లిచీ తొక్క తేమ పోగానే గోధుమరంగుకు తిరుగుతుంది, దాన్ని మాత్రం తెచ్చిన పూటే సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

గంపెడుపళ్ళు: అందరూ ఒకేసారి తినడం కుదరదు. పొద్దున్నే కోసి డబ్బాలో పెట్టొచ్చా?

ఎండవేళ: పెట్టొచ్చు. కోయకముందు తొక్క కడిగి తుడవాలి, లేకపోతే తొక్క మీది మురికిని కత్తి గుజ్జులోకి దింపుతుంది. కోసిన ముక్కలు బయట రెండు గంటలు దాటకూడదు, గది 32 డిగ్రీలు మించితే ఒక్క గంటే. మూత గట్టిగా ఉండాలి, ఫ్రిజ్‌లో మామిడి, పనస వాసన ఇట్టే అన్నిటికీ పడుతుంది.

తీపితొన: అది కూడా ఆ రోజుకే. మర్నాటికి అంచులు నీరుకారి ముక్క చప్పబడుతుంది. ఎక్కువ మిగిలితే గుజ్జు తీసి, పీచు వడగట్టి, ఒక్కపూటకు సరిపడా చిన్న డబ్బాల్లో డీప్‌ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు గుజ్జు ఉబ్బుతుంది, పైన వేలెడు ఖాళీ వదలండి. ఒకసారి కరిగించాక మళ్ళీ గడ్డకట్టిస్తే నీరు విడిపోతుంది, అందుకే డబ్బా చిన్నదిగా ఉండాలి.

దోరకాయ: ఆ గుజ్జుకు ముగ్గిన పండే వాడాలి. దోరకాయ గుజ్జు ఎన్నాళ్ళు గడ్డకట్టించినా తియ్యబడదు.