టెమెలిన్ రష్యా ఇంధనం మానేసింది: ముందుచూపా, రాజకీయమా?

బ్ర్నో_బాలు
ఇక్కడి ఇండియన్స్ గ్రూపులో దీని మీద గొడవయ్యి అడ్మిన్ కామెంట్లు ఆపేశాడు, అందుకని ఇక్కడ పెడుతున్నా, మనవాళ్లయితే కాస్త తీరిగ్గా కొట్టుకోవచ్చని.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నేనుండే ఈ చెక్‌లో కరెంటు దాదాపు 40 శాతం రెండే అణు ప్లాంట్ల నుంచి వస్తుంది. డుకోవనీలో నాలుగు పాత వీవీఈఆర్-440లు (వీవీఈఆర్ అంటే రష్యా డిజైన్ రియాక్టర్), టెమెలిన్‌లో రెండు వీవీఈఆర్-1000లు, అంటే మన కూడంకుళం కుటుంబమే. వీటికి ఇంధనం రష్యా కంపెనీ టీవీఈఎల్ ఇచ్చేది. 2022లో యుద్ధం మొదలయ్యాక చెజ్ కంపెనీ, అంటే ఈ ప్లాంట్ల ఓనరు, దాంట్లో 70 శాతం గవర్నమెంటుదే, టెమెలిన్‌కి ఇకమీదట అమెరికా వెస్టింగ్‌హౌస్, ఫ్రాన్స్ ఫ్రామటోమ్ ఇద్దరి దగ్గరా కొంటామని ఒప్పందం చేసుకుంది, దాదాపు 15 ఏళ్లకి. 2023 మార్చిలో డుకోవనీకి కూడా వెస్టింగ్‌హౌస్‌తో సంతకం పెట్టారు.

నా మటుకు నాకు ఇది ఎప్పుడో చెయ్యాల్సిన పని. అంతకుముందు సరుకు ఉక్రెయిన్ మీదుగా రైల్లో వచ్చేది, యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. పక్కనున్న స్లోవేకియా వాళ్లయితే 2022 మార్చి 1న, రష్యా విమానాలకి ఆకాశం మూసేసిన రోజుల్లోనే, ఇంధనం మోసుకొచ్చిన ఐఎల్-76కి స్పెషల్ పర్మిషన్ ఇచ్చి మరీ బ్రాటిస్లావాలో దింపుకున్నారు. జుట్టు వాడి చేతికిచ్చి తల నాదే అంటే ఎలా? మీరేమంటారు?

గోదారి_గట్టు
బాలు గారూ, సగం కథే చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. టెమెలిన్ 2000లో మొదలైనప్పుడు అందులో పెట్టింది రష్యా ఇంధనం కాదు, వెస్టింగ్‌హౌస్‌దే! 1993లోనే కాంట్రాక్టు ఇచ్చారు, ఇంధనంతో పాటు కంట్రోల్ సిస్టమ్ కూడా వాళ్లదే. ఏమైంది? రియాక్టర్లో అసెంబ్లీలు, అంటే ఇంధన గొట్టాల కట్టలు, వంగిపోవడం, మెలి తిరగడం, కంట్రోల్ రాడ్లు పూర్తిగా కిందకి దిగకపోవడం. రియాక్టర్‌ని ఆపాల్సిన రాడ్డే మధ్యలో ఇరుక్కుంటే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి. 2006లో టెండర్ పిలిచి టీవీఈఎల్‌కి ఇచ్చారు, 2010 నుంచి మొత్తం మార్చేశారు. అప్పుడు జెండా చూసి మార్చలేదు, ఇంజినీర్లు చూసి మార్చారు. ఇప్పుడు జెండా చూసి వెనక్కి వెళ్తున్నారు. చెయ్యి కాలిన పొయ్యిలోనే మళ్ళీ చెయ్యి పెట్టడాన్ని ముందుచూపు అనరండీ.

పైగా ఆ కంపెనీ 2017లో దివాలా పిటిషన్ వేసింది. రోసాటమ్ (టీవీఈఎల్ ఓనరు, రష్యా ప్రభుత్వ అణు సంస్థ) మీద నమ్మకం లేదంటారు, సరే, దివాలా తీసినోడి మీద ఏ ధైర్యంతో 15 ఏళ్లు రాసిచ్చారు?

సిక్కోలు_చిన్నోడు
దివాలా మాట ఎత్తినారు కాబట్టి నేనూ వచ్చీసినాను 😄 మా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు పెడతామన్నది ఆ కంపెనీయే కదా

రిటైర్డ్_పెల్లెట్
హైదరాబాద్‌లో ఇంధన తయారీలోనే సర్వీసంతా గడిచింది నాకు, కాబట్టి వంగడం మెలితిరగడం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, విసుగనిపిస్తే దాటేయండి.

మన భారజల రియాక్టర్ల ఇంధన బండిల్ అర మీటరు పొడవుంటుంది, చంటిపిల్లలా రెండు చేతుల్లో ఎత్తుకునే సైజు. రియాక్టర్ నడుస్తుండగానే ఒక పక్కనుంచి కొత్తది తోస్తే అటునుంచి పాతది బయటికొస్తుంది. వీవీఈఆర్ అసెంబ్లీ అలా కాదు, నాలుగున్నర మీటర్ల పైచిలుకు పొడవు, ఆరు పలకలు, లోపల 312 సన్నటి గొట్టాలు, ఒక్కో గొట్టంలో చిటికెన వేలి కణుపంత యురేనియం బిళ్లలు, అవే పెల్లెట్లు, వరసగా పేర్చి ఉంటాయి. వీవీఈఆర్-1000లో అలాంటివి 163. పాశ్చాత్య దేశాల రియాక్టర్లలో అసెంబ్లీ నలుపలకలుగా ఉంటుంది, వాళ్ల అనుభవమంతా దాని మీదే. ఆరు పలకల దానికి మొదటిసారి డిజైన్ చేసినప్పుడు గొట్టాల్ని పట్టుకునే స్పేసర్ గ్రిడ్లు, వాటిని కలిపే అస్థిపంజరం సరిపడా గట్టిగా లేవు, అదీ అసలు జబ్బు. నీళ్లు అంత వేగంతో కిందనుంచి పైకి తోస్తుంటే, వేడికీ న్యూట్రాన్లకీ లోహం సాగుతుంటే, పొడుగాటి వస్తువు వంగకుండా ఎలా ఉంటుంది? ఇంకో మాట, ఆ రోజుల్లో రష్యా సొంత అసెంబ్లీలు కూడా వంగాయి, 1990లలో వాళ్ల వీవీఈఆర్-1000లలో కూడా రాడ్లు సరిగ్గా దిగని కేసులున్నాయి. తర్వాత అస్థిపంజరం గట్టిచేసి కొత్త డిజైన్లు తెచ్చారు. కూడంకుళంలో 2022 నుంచి వేస్తున్న టీవీఎస్-2ఎం అసెంబ్లీలు ఆ వంశమే.

వెస్టింగ్‌హౌస్‌కి రెండో దెబ్బ ఉక్రెయిన్‌లో తగిలింది. దక్షిణ ఉక్రెయిన్ ప్లాంటులో 2012లో అసెంబ్లీలు బయటికి తీస్తే గ్రిడ్లు దెబ్బతిని ఉన్నాయి, పక్కపక్కనే ఉన్న రష్యా అసెంబ్లీలతో రాసుకుని. అక్కడ మళ్ళీ డిజైన్ మార్చారు, ఇప్పుడు ఇస్తున్నది ఆ మార్చినది. టెమెలిన్ వాళ్లు కూడా గుడ్డిగా దూకలేదు, 2019లోనే ఆరు అసెంబ్లీలు ప్రయోగంగా వేసి చూసుకున్నారు. గోదారి గారు చెప్పిన 2010 నిజమే, కానీ 2010 సరుకూ ఇప్పటి సరుకూ ఒకటి కాదు.

గోదారి_గట్టు
మాస్టారూ మీరు చెప్పేది అర్థమైంది, కానీ ఆరు వేసి చూడటం వేరు, 163 మార్చడం వేరు. మధ్యలో మూడు నాలుగేళ్లు రెండు రకాలూ కలిసి ఉంటాయి కదా, మీరే అన్నారు రాసుకున్నాయని.

రిటైర్డ్_పెల్లెట్
ఉంటాయి. ఏటా సుమారు నాలుగో వంతు మారుస్తారు కాబట్టి ఆ మిశ్రమ కాలం తప్పదు. అసలు లెక్కలన్నీ అప్పుడే, ఒకదానిలో నీటికి అడ్డు కొంచెం ఎక్కువుంటే నీళ్లు పక్కదానిలోకి జరుగుతాయి, దీని గ్రిడ్లూ దాని గ్రిడ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. కష్టం కాదనను. ఉక్రెయిన్ వాళ్లు చేసి చూపించారు అంటున్నా.

ఓరుగల్లు_పోరడు
ఏందన్నా మీరంత గొట్టాల కాడనే ఆగిన్రు. అసెంబ్లీ ఎవడు కట్టిండన్నది కాదు, లోపల యురేనియం ఎవడు ఎన్‌రిచ్ చేసిండు అది జెప్పున్రి. గనిల దొరికే యురేనియంల పనికొచ్చేది 0.7 శాతమే, దాన్ని 5 శాతం దాంక తేవాలె. ప్రపంచం మొత్తం మీద ఆ ఎన్‌రిచ్ జేసే సెంట్రిఫ్యూజ్ మిషన్ల కెపాసిటీల 40 శాతం దాంక రష్యాదే. అమెరికానే దిక్కులేక కొన్నది. 1993 నుంచి 2013 దాంక రష్యా బాంబులు విప్పి తీసిన 500 టన్నుల యురేనియం పల్చగ జేసి అమెరికా ప్లాంట్లల్ల కాలవెట్టిన్రు, ఆ ఇరవై ఏండ్లు వాళ్ల కరెంటుల పదోవంతు గదే. అగ్గువకు దొరికిందని సొంత ప్లాంట్లు మూసుకున్నరు. ఇప్పుడు 2024 మే నెలల రష్యా యురేనియం మీద నిషేధం చట్టం జేసి అండ్లనే 2027 ఆఖరుదాంక మినహాయింపు పెట్టుకున్నరు. ఇగ రష్యా ఊకుంటదా, అదే ఏడు నవంబర్ల అమెరికాకు ఎగుమతి మీద వాళ్లే ఆంక్షలు పెట్టిన్రు.

ఇంకో తమాష జెప్త. బాలన్న చెప్పిన రెండో కంపెనీ ఫ్రామటోమ్, జర్మనీల లింగెన్ ఫ్యాక్టరీల వీవీఈఆర్ ఇంధనం చేస్తమని లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది, డిజైన్ ఎవరిది? రష్యాది! రోసాటమ్‌తోటి ఒప్పందం. అక్కడి జనం వేలల్ల అభ్యంతరాలు రాసిన్రు. డబ్బా మీద స్టిక్కర్ మార్సి స్వాతంత్ర్యం వచ్చింది అంటే ఎట్లనే?

బ్ర్నో_బాలు
పోరడు అన్నా, లింగెన్ పాయింటు గట్టిదే, దాన్ని నేను కాదనను, అందుకే ఫ్రామటోమ్ సొంత డిజైన్ కూడా చేసుకుంటోంది కానీ దానికి టైమ్ పడుతుంది. ఎన్‌రిచ్‌మెంట్ మాత్రం రష్యా తప్ప గతి లేదన్నట్టు ఉండదు, యూరప్‌లోనే యురెన్కో ఉంది, ఫ్రాన్స్‌లో ఒరానో ట్రికాస్టాన్‌లో ప్లాంటు పెంచుతోంది. అసెంబ్లీ అయితే మొన్నటిదాకా మా వీవీఈఆర్‌లకి కట్టేది ఒక్క టీవీఈఎలే. యురేనియం ఉన్నా అసెంబ్లీ లేకపోతే ఏం చేసుకుంటాం, అందుకే ముందు ఆ ముడి విప్పారు.

స్పేర్ పార్ట్స్ సంగతి ఎవరూ అడగలేదు కానీ అది ఇంకా ఇంటరెస్టింగ్. టెమెలిన్ రియాక్టర్ వెసెల్స్, అంటే ఇంధనం ఉండే పెద్ద ఉక్కు పాత్రలు, రష్యాలో చెయ్యలేదు, ఇక్కడే ప్లజెన్‌లో స్కోడా చేసింది. డుకోవనీవి కూడా. సోవియట్ రోజుల్లోనే వీళ్లకి ఆ పనితనం ఉంది. తీరా చూస్తే ఆ స్కోడా జేఎస్ 2004 నుంచి రష్యన్ గ్రూప్ ఓఎంజడ్ చేతిలో ఉండిపోయింది! ఊళ్లో ఫ్యాక్టరీ, ఊళ్లో కార్మికులు, ఓనరు మాస్కో. 2022లో చెజ్ దాన్ని కొనేసింది. ఇంధనం వార్త అందరికీ తెలుసు, ఈ కొనుగోలు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నన్నడిగితే ఇదే పెద్ద పని. కంట్రోల్ రాడ్ డ్రైవులకి, వెసెల్ ఇన్‌స్పెక్షన్‌కి, రేపు ఔటేజ్‌లో, అంటే ఇంధనం మార్చడానికి ప్లాంటు ఆపినప్పుడు, మనుషులు కావాలంటే వీసాల కోసం చూడక్కర్లేదు.

విజయవాడ_వోల్టు
పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కొనసాగించండి

గోదారి_గట్టు
స్కోడా కొనడం మంచిదే, దానికి నేనూ ఓటేస్తా. నా ప్రశ్న వేరు. రష్యా ఇంతవరకు ఏ అణు ప్లాంటుకైనా యూరప్‌లో ఇంధనం ఆపిందా? ఆపలేదు. యుద్ధం నడుస్తున్నా విమానాల్లో తెచ్చి ఇచ్చింది, బాలు గారు చెప్పిన ఐఎల్-76 నాకే సాక్ష్యం. ఆపినవాళ్లెవరో తెలుసా? అమెరికా! మన తారాపూర్‌కి. జీవితకాలం ఇంధనం ఇస్తామని 1963లో ఒప్పందం రాసుకుని, 1974 పోఖ్రాన్ తర్వాత కొర్రీలు పెట్టి, 1978లో చట్టం మార్చుకుని, చివరికి ఆపేశారు. ఆ దెబ్బ తిన్న దేశం వాళ్లం మనం అమెరికా సప్లయర్‌ని నమ్మకస్తుడంటే నవ్వొస్తుంది.

రిటైర్డ్_పెల్లెట్
తారాపూర్ గురించి మాట్లాడితే నాకు మాట్లాడక తప్పదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో పూర్తిగా చెప్పండి మరి. అమెరికా ఆపాక 1982లో ఫ్రాన్స్ ఇచ్చింది, వాళ్లు మానేశాక 1995లో చైనా ఇచ్చింది, 2001లో రష్యా ఇచ్చింది. అసెంబ్లీలు మాత్రం హైదరాబాద్‌లోనే కట్టుకున్నాం, అందుకే ఎన్‌రిచ్డ్ యురేనియం ఏ దేశం నుంచి వచ్చినా ప్లాంటు నడిచింది. అసెంబ్లీ కట్టే చెయ్యి మనది కాకపోయుంటే అప్పుడే తాళం పడేది. మీ ఉదాహరణ మీ వాదానికి కాదు, బాలు వాదానికి పనికొస్తుంది గోదారి గారూ.

గ్యాస్ విషయంలో ఏం జరిగింది? 2022 ఏప్రిల్‌లో రూబుళ్లలో డబ్బు కట్టలేదని రష్యా వాళ్లు పోలండ్‌కీ బల్గేరియాకీ గ్యాస్ ఆపేశారు. అణు ఇంధనం ఇంకా ఆపలేదు కాబట్టి ఎప్పుడూ ఆపరు అని రాసిస్తారా?

గోదారి_గట్టు
నేను రాసివ్వను సార్, కానీ అమెరికా ఆపదని మీరూ రాసివ్వలేరు 🙂

రిటైర్డ్_పెల్లెట్
రాసివ్వను. అందుకే ఇద్దర్ని పెట్టుకున్నారు. నేను ఫిన్లాండ్ సంగతి చెప్తా, దాన్ని చూసి మాట్లాడండి. లోవీసాలో రెండు వీవీఈఆర్-440లు. వాళ్లు 2001 నుంచి 2007 దాకా రష్యా ఇంధనంతో పాటు బ్రిటిష్ కంపెనీ బీఎన్‌ఎఫ్‌ఎల్ అసెంబ్లీలు కూడా వాడారు, బాగానే నడిచాయి. తర్వాత టెండర్‌లో టీవీఈఎల్ గెలిచింది, రెండోవాడికి ఆర్డర్ లేదు. ఆర్డర్ లేకపోతే ఏమవుతుంది? డైలు, ఫిక్చర్లు మూలన పడతాయి, గ్రిడ్లు వెల్డింగ్ చేసే మనిషి రిటైరవుతాడు, నాలాగే. 2022లో మళ్ళీ కావాలంటే వెస్టింగ్‌హౌస్ ఆ లైను తిరిగి నిలబెట్టాల్సొచ్చింది. 2023 సెప్టెంబర్లో ఉక్రెయిన్ రివ్నేలో మొదటి లోడు, లోవీసాలో 2024లో. ఒక్క టెండర్లో నాలుగు డబ్బులు మిగిలించుకుని పదిహేనేళ్లు ఒక్కడి మీద ఆధారపడ్డారు. రెండో సప్లయర్‌ని అవసరం వచ్చినప్పుడు వెతుక్కుంటే దొరకడు, మామూలు రోజుల్లో ఆర్డర్లిచ్చి బతికించుకోవాలి. అణు కరెంటు ఖర్చులో ఇంధనం వాటా ఎటూ చిన్నదే, ఎక్కువ ఖర్చంతా కట్టడానికే.

సిక్కోలు_చిన్నోడు
పెద్దాయన సెప్పింది వింటే నాకు ఒకటే డౌటు. కూడంకుళంలో ఇప్పుడు రెండు నడస్తన్నాయి, మొత్తం ఆరు అవుతాయంట, అన్నింటికీ రష్యా ఇంధనమే. రేపు కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఏపీ-1000లు వస్తే వాటికి అమెరికా ఇంధనమే. అంటే మనకి ఇద్దరు సప్లయర్లు ఉన్నట్టా, లేపోతే రెండు చోట్లా ఒక్కొక్కడే ఉన్నట్టా?

ఓరుగల్లు_పోరడు
చిన్నోడు కరెక్టు కొట్టిండు 👏

రిటైర్డ్_పెల్లెట్
రెండోదే. కూడంకుళానికి చేసింది కొవ్వాడలో పట్టదు, ఆరుపలకలు నలుపలకలు. దేశం మొత్తానికి ఇద్దరు, ఏ ప్లాంటుకి చూసినా ఒక్కడే.

మోడరేటర్_కరెంటు_స్తంభం
కొవ్వాడ భూసేకరణ మీద ఎవరో మొదలుపెట్టబోతుంటే రెండు కామెంట్లు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఇక్కడ ఇంధనం వరకే.

బ్ర్నో_బాలు
ఇంకో విషయం, ఇక్కడి వాళ్లకి ఇది డబ్బుల లెక్క మాత్రమే కాదు. 2014లో వ్ర్బెటిట్సే ఆయుధాల గోడౌన్ పేలి ఇద్దరు చనిపోయారు, 2021 ఏప్రిల్లో అది రష్యా మిలిటరీ ఇంటెలిజెన్స్ పని అని చెక్ గవర్నమెంటు ప్రకటించింది. వెంటనే డుకోవనీ కొత్త యూనిట్ల పోటీ నుంచి రోసాటమ్‌ని తప్పించారు, చివరికి కొరియా కంపెనీ కేహెచ్‌ఎన్‌పీతో 2025 జూన్‌లో సంతకం అయింది. 1968లో సోవియట్ ట్యాంకులు చూసిన ముసలాళ్లు ఇంకా ఉన్నారు మా వీధిలో. వాళ్లకి టీవీఈఎల్ మంచి అసెంబ్లీ చేస్తుందని చెప్పండి, ఔను చేస్తుంది అంటారు, అయినా వద్దంటారు.

గోదారి_గట్టు
చూశారా, చివరికి మీరే ఒప్పుకున్నారు రాజకీయమేనని 😀

బ్ర్నో_బాలు
రాజకీయం లేని అణు ప్లాంటు ఎక్కడుందండీ గోదారి గారూ, తారాపూర్‌దేంటి మరి, భక్తి కార్యక్రమమా?

గోదారి_గట్టు
హహ సరే. నేను మాత్రం కాగితాలు నమ్మను. ప్రతి ఔటేజ్ తర్వాత స్టార్టప్‌కి ముందు రాడ్లు వదిలి ఎన్ని సెకన్లలో దిగాయో కొలుస్తారు కదా మాస్టారూ? టెమెలిన్‌లో మూడో లోడు దాకా ఆ నంబర్లు చూస్తా. పాతరోజుల్లో తేడా కొట్టింది మొదటి ఏడాది కాదు, అసెంబ్లీలు లోపల కొన్నేళ్లు కాలాకే.

రిటైర్డ్_పెల్లెట్
అదొక్కటీ సరిగ్గా అడిగారు. దిగిన టైమ్ ఒక్కటే చూడకండి, అడుగు దాకా దిగిందా లేదా, అసెంబ్లీ బయటికి తీసినప్పుడు నీళ్ల పూల్‌లో అది ఎన్ని మిల్లీమీటర్లు వంగిందో కొలిచినదీ చూడండి. నేనూ అవే చూస్తా.