ప్రభుత్వాన్ని లాభాల కంపెనీలా నడపాలా?

కావలి కుర్రాడు: నడపాల్సిందే. లాభం చూపించకపోతే కంపెనీలో సీఈఓనైనా ఇంటికి పంపిస్తారు. మన ఆఫీసుల్లో ఎవరిని పంపిస్తున్నారు?

మెట్టపొలం: మాది సీతారామపురం పక్కన పల్లె. పొద్దున ఆరున్నరకు ఉదయగిరికి పల్లెవెలుగు బస్సు. ఎక్కేది ఎనిమిది మంది. ఐదుగురు కాలేజీ పిల్లలు, షుగరు మందులకు పోయే మా అమ్మ, ఇంకో ఇద్దరు. కంపెనీ లెక్క చూస్తే ఆ బస్సు వారంలో ఆగిపోద్ది.

కావలి కుర్రాడు: ఎనిమిది మందికి అంత బస్సా? డీజిల్ ఎవరి డబ్బు? వ్యాను వేస్తే సరిపోద్ది.

ఒంగోలు గిత్త: నష్టమొచ్చే దారిలో వ్యాను మాత్రం ఏ కంపెనీ తిప్పుద్ది?

నెల్లూరు పెద్దాయన: 1995 నుంచి 2004 దాకా చంద్రబాబు గారిని సీఈఓ ముఖ్యమంత్రి అనేవాళ్లు. కరెంటు చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. 2004లో ఓటుతో దించారు. సీఈఓని ఇంటికి పంపడం మనకు తెలియని పనేం కాదబ్బాయా.

ఒంగోలు గిత్త: హైటెక్ సిటీ వచ్చింది కూడా అప్పుడే కదా పెద్దాయనా.

మెట్టపొలం: ఎనిమిది మంది మామూలు రోజు లెక్క. సంతరోజు కాలు పెట్టే సందుండదు.

కావలి కుర్రాడు: మళ్లీ బస్సేనా! మా నాన్న పోయాక పొలం నా పేరుకు మార్చమని పదమూడు నెలలు తిరిగానన్నా. ఫైలు ఏ బల్ల మీదుందో చెప్పే మనిషి లేడు. పాస్‌పుస్తకం లేదని బ్యాంకులో పంటరుణం ఇవ్వలేదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నాట్లేశాను. వంద రూపాయల చెప్పులు తెప్పించుకుంటే ఎక్కడున్నాయో ఫోన్‌లో చూపిస్తారే, మా నాన్న పొలం కాగితం ఆ చెప్పులపాటి చేయదా?

మెట్టపొలం: ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ లేదు తమ్ముడూ. నీకు కావాల్సింది జవాబు చెప్పే మనిషి, లాభం కాదు. కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. మా అమ్మకు షేర్లెక్కడివి? ఇక్కడైతే ఆమెకూ, కోట్లున్నోడికీ ఒకటే ఓటు. ఆ ఓటు ఉందనే ఆ బస్సు తిరుగుతోంది.

కావలి కుర్రాడు: ఓటు ఐదేళ్లకోసారి. నా వడ్డీ నెలనెలా కట్టాలి.

మెట్టపొలం: నిజమే. ఫైలు ఆపినోడి జీతం ఆపమను, నేనూ సంతకం పెడతా. లాభం మాటెత్తితే మాత్రం పెట్టను.

కావలి కుర్రాడు: సంతకం పెట్టన్నా. బస్సు సంగతి మాత్రం నేనొప్పుకోను. ఎనిమిది మందికి వ్యానే.