సమస్య: "పాపపరిహారమే మహాపాపమయ్యె"

నిర్వాహకుడు: ఈసారి ఛందస్సు తేటగీతి, ఇచ్చింది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు రాయాలి. పరిహారం అనగానే ఇప్పుడు అందరికీ చెక్కే గుర్తొస్తోంది, కానీ పరిహరించడం అంటే తొలగించడం, విడిచిపెట్టడం. ఏ అర్థంలోనైనా పూరించండి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) మాత్రం తప్పొద్దు.

వరంగల్ మాస్టారు:
విశ్వరూపునిఁ జంపిన వేల్పుఱేడు
నేల నీటికిఁ దరులకు నెలతలకును
పంచె దోషము నాల్గుగా, పడఁతి కదియె
పాపపరిహారమే మహాపాపమయ్యె

భాగవతం ఆరో స్కంధంలోని కథ. గురువు విశ్వరూపుణ్ణి చంపిన పాపం ఇంద్రుడికి వదిలింది, మోసేవాళ్లకు చుట్టుకుంది.

నరసరావుపేట మిత్రుడు: మాస్టారూ, భావం చక్కగా కుదిరిందండీ. రెండో పాదంలో మిగతావాటికి విభక్తి ఉంది, నేలకు లేదు. "నీట నేలను దరులందు నెలతలందు" అంటే యతీ చెడదు. అయితే ఇంద్రుడు ఊరికే అంటగట్టలేదు, బదులుగా వరాలిచ్చాడు, ఆ మాట పద్యంలో లేకపోవడం నాకు లోటే. అన్నట్టు మా దగ్గరి మైదవోలులో దొరికిన పల్లవ శివస్కందవర్మ రాగిరేకుల్లో పరిహారం అంటే దానమిచ్చిన ఊరికి మినహాయింపు: అక్కడ రాజు మనుషులు ఉప్పు తవ్వకూడదు, భటులు అడుగుపెట్టకూడదు. ఆ అర్థంతో ఎవరైనా రాస్తే చదవాలనుంది.

హైదరాబాదు సోదరి:
విషపు గాలిని పీల్చిన వేలజనుల
కోరినంతలో నేడవ కొసరు ముక్క
చేతఁ బెట్టిరి ఋణమెల్లఁ జెల్లె ననఁగ
పాపపరిహారమే మహాపాపమయ్యె

1984 డిసెంబరు, భోపాల్. యూనియన్ కార్బైడ్ కంపెనీని ప్రభుత్వం అడిగింది 330 కోట్ల డాలర్లు, 1989లో ఒప్పుకున్నది 47 కోట్లకు.

వరంగల్ మాస్టారు: అమ్మా, "నేడవ" దగ్గర ఆగిపోయాను, ఏడో వంతూ వినిపించింది, ఏడుపూ వినిపించింది. కాకపోతే "వేలజనుల" మొదటి పాదంలో, "చేత" మూడో పాదంలో ఉండి దూరాన్వయం వచ్చింది. రెండు, మూడు పాదాలు తారుమారు చేసి "ననఁగ"ను "ననుచు" చేస్తే తీరిపోతుంది. కొసరు అనేది అసలు కొలిచాక వేసేది కదా, ఇక్కడ అసలేది?

హైదరాబాదు సోదరి: పాదాలు మారుస్తానండి. కొసరు మాత్రం ఉంచుతాను, వాళ్లకు అసలు దక్కలేదు కాబట్టే ఆ మాట వేశాను. నిర్వాహకులు చెప్పినట్టు తొలగించడమే పరిహారమైతే, ఆ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విషవ్యర్థాలు 2025 జనవరిలో గానీ కాల్చేయడానికి పీథంపూర్‌కి కదల్లేదు.