62 దగ్గర ఆగిన కథ: రచయిత్రిని అడిగే హక్కు పాఠకులకి ఉందా?

గౌతమి గట్టు:
తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. మన గోదావరి డెల్టాలోనే ఉండి ఒకావిడ కలంపేరుతో సీరియల్ రాస్తున్నారు. నది మధ్య లంకలో పుట్టిన ఓ పిల్ల, నది అడుగున ఉండే నాగరాజు కొడుకు, వాళ్ళిద్దరి ప్రేమ. మొదటి పుస్తకం పూర్తయింది, రెండోది నడుస్తోంది. నడుస్తోంది అనే అనుకుంటున్నాం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆవిడ తన పేజీలో ఓ అంకె పెడతారు, రాత ఎంతవరకు వచ్చిందో శాతంలో. దీపావళికి 41, ముక్కోటికి 57, భోగికి 62. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. కాలవలు కట్టేశారు, మళ్ళీ నీళ్ళొదిలే రోజులూ దగ్గరపడ్డాయి. 62 మాత్రం 62యే.

అలాగని పేజీ ఖాళీగా లేదు. మొన్న ఆవకాయ జాడీ. అంతకుముందు కొత్త దూడ. నిన్న దింపు తీయించిన కొబ్బరికాయల రాశి, పక్కన ఆవిడ చెప్పులు. ప్రతి ఫోటో కింద ఎవరో ఒకరు "అంకె?" అంటారు, అన్నవాణ్ణి మిగతా అభిమానులు చీల్చి చెండాడతారు. నేను నెలనెలా డబ్బు కట్టి చదివేదాన్ని. నేను అడగొచ్చా, అడక్కూడదా? ఆవకాయ మీద నాకేం కోపం లేదు, ముందే చెప్తున్నా.

కురిడీ కాయ:
ఆయ్. 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు పెట్టుబడే తిరిగి రావట్లేదు, ఇంకెందుకు వరి ఊడ్చడం అని క్రాప్ హాలిడే అన్నారు. "నేను బియ్యం కొనేవాణ్ణి, నువ్వు ఊడ్చి తీరాలి" అని అన్నం తినేవాడెవడైనా రైతు మీదికెళ్ళాడా? ఈవిడకీ హాలిడే అనుకోండి, సరిపోద్ది.

అర్ధరాత్రి దీపం:
రైతు చెప్పి మానేశాడు బాబాయ్. ఈవిడ చెప్పలేదు. పైగా బయానా పుచ్చుకున్నారు. బయానా తీసుకున్నవాడు కాయ దింపకపోతే అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో నువ్వు ఊరుకుంటావా?

కురిడీ కాయ:
ఊరుకోను. కానీ వాళ్ళింట్లో దూడ పుట్టిందని మాత్రం తిట్టను.

నల్లకోటు కాకినాడ:
బయానా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మీరు నెలనెలా కడుతున్నది ఆ కథల ఆప్‌కి, అందులో ఉన్న కథలన్నిటికీ కలిపి. ఒప్పందం మీకూ ఆప్‌కీ. ఆవిడకీ మీకూ మధ్య చీటీ ముక్క కూడా లేదు. కథ మాత్రం ఆవిడది. 1957 కాపీరైట్ చట్టం కింద ఆవిడ ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళూ. కాబట్టి "అడిగే హక్కు" అన్నప్పుడు ఆ "హక్కు" తీసేసి చదువుకోండి. అడగడం వేరు. పెళ్ళికి పిలిచినవాణ్ణి లడ్డూ ఏదని అడగడం లాంటిది, అడగొచ్చు.

ఇంకోటి. మొదటి పుస్తకం పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్‌లో పంచుకుంటున్నారు. ఆ గుంపులోనే "డబ్బులిచ్చాం, రాయి" అనే అరుపు ఎక్కువగా వినపడుతోంది. దీపం గారూ, మీరు కట్టినవాళ్ళేనా?

అర్ధరాత్రి దీపం:
మొదటి పుస్తకం పీడీఎఫ్‌లోనే చదివా. రెండోది కట్టే చదువుతున్నా. అబద్ధం ఎందుకు.

వేదిక నిర్వాహకుడు:
ఆ పీడీఎఫ్ లింకు ఎవరైనా ఇక్కడ పెడితే ఖాతా ఉండదు. ఒకసారే చెప్తాం.

మూడో హెచ్చరిక:
అందరూ డబ్బు దగ్గరే తిరుగుతున్నారు. అసలు సంగతి ఆ అంకె. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులంటే మొదటి వరద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. వరద రోజుల్లో గంటగంటకీ ఆ అంకె చూసుకునే గదా మనం గొడ్లను గట్టెక్కించేది, సామాను అటకెక్కించేది! చూపించడం మొదలెట్టినవాళ్ళు చూసేవాళ్ళకి బాకీ పడతారు. శాతం పెట్టమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, తనే పెట్టింది. మొదటి పుస్తకానికి ఏ అంకే లేదు, అప్పుడు ఎవరం ఏమీ అనలేదు, వచ్చినప్పుడు చదివాం. నాలుగు నెలలు ఒకే అంకె చూపించడం కంటే ఆ పలక తీసి చూరులో పెట్టేయడం నయం.

లేసు దారం:
బ్యారేజీ దగ్గర అడుగులు చదవడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారండీ. ఆవిడకెవరున్నారు?

రేవు దగ్గర:
ఈ గొడవలోకి రాకూడదనుకున్నా. ఆవిణ్ణి రోజూ చూసేవాణ్ణి, చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆవిడ మా రేవులోనే పడవెక్కుతారు.

(ఊరి పేరు తొలగించాం. మళ్ళీ రాయొద్దు. - వేదిక నిర్వాహకుడు)

ఆవిడ రాసేది బల్ల ముందు కూర్చుని కాదండి. పడవ కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలూ, పడవలో పావుగంటా. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఓసారి, సాయంత్రం వచ్చేటప్పుడు ఓసారి. నీళ్ళు చిందుతాయని ఫోన్‌కి పాలిథిన్ కవరు చుట్టుకుని, కుడి బొటనవేలు ఒక్కదాంతో టకటకా కొట్టేస్తారు. పక్కనెవరైనా పలకరిస్తే తలూపుతారు, వేలు ఆగదు. అవతలి గట్టు తగలగానే ఫోన్ సంచిలోకి, చెప్పులు చేతిలోకి, దిగిపోవడమే. ఇంటి దగ్గర పాలు, పొయ్యి, పిల్లల లెక్కలు, మావగారి మందులు. అక్కడ రాత లేదు. ఆవకాయ ఫోటో తీయడానికి ఎంతసేపు పడుతుంది? చెయ్యి తుడుచుకున్నంతసేపు. మీరు ఆ ఫోటోనీ భాగాన్నీ ఒకే కాటాలో తూస్తున్నారు.

ఇప్పుడు వేసవి. నది సన్నబడింది, పడవ అటు తిన్నె నుంచి ఇటు తిన్నెకి ఐదు నిమిషాలు, మిగతాదంతా ఇసకలో నడక. నెత్తి మీద ఎండ, చేతిలో సంచి. నది తగ్గితే కథ తగ్గుతుంది. నవ్వకండి, నేను చూస్తున్నా.

2022 జూలైలో లంకలు మునిగినప్పుడు వాళ్ళింట్లో అటకెక్కినవి మూడు. బియ్యం బస్తా, పాసుపుస్తకాల సంచి, నోటుపుస్తకాల మూట. ఫోన్‌లోకి ఎక్కకముందు ఆవిడ కథంతా ఆ నోటుపుస్తకాల్లోనే ఉండేది. మూట ఎక్కించింది మావగారు. పిల్లల పుస్తకాలనుకున్నాడాయన.

ఇక సంక్రాంతికి ఏమైందంటే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎక్కణ్ణించో ఆరుగురు వచ్చారు. ప్రభ కౌశిక నది దాటడం చూశారు, జీళ్ళు కొనుక్కున్నారు, అక్కణ్ణించి నేరుగా మా రేవుకి వచ్చేశారు. ఆవిడ పేజీలో ఫోటోలు చూసి ఊరు పట్టేశారట. చుట్టాలనుకుని దారి చూపించింది నేనే, ఆ తప్పు నాదే. ఇంటినిండా పండగ జనం. ఒకమ్మాయి లోపలికెళ్ళి అందరి ముందూ "మేడమ్, నాగుడు ఆ పిల్లని మొదటిసారి ముద్దు పెట్టుకున్న సీను ఎలా రాశారండీ" అంది. ఆవిడ కథలు రాస్తారని ఆ ఇంట్లో మొగుడికి తప్ప ఇంకెవరికీ తెలీదు. అత్తగారు ఏమీ అనలేదు. ఆరుగురికీ అరిసెలు పెట్టి, మంచినీళ్ళిచ్చి, లోపలికెళ్ళిపోయింది. ఏదైనా అనుంటే బాగుండేది.

భోగికి 62 అన్నారు కదా. కనుమ ఎన్నో రోజో లెక్కేసుకోండి.

మూడో హెచ్చరిక:
ఇది నాకు తెలీదు. అయినా పలక గురించి అన్నమాట వెనక్కి తీసుకోను. తీసేయడం ఆవిడకే మంచిది.

నాలుగో పీరియడ్:
పిల్లలకి సెలవులు కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక చేసుకోండి. సగంలో ఆగిన కథలు గోదావరికి కొత్త కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు భారతం తెలుగు చేయడం మొదలెట్టారు. పదకొండో శతాబ్దం. ఆది, సభా పర్వాలు అయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల మీద ఓ పద్యం ఉంది, నక్షత్రాల హారాలు, కలువల వాసన. అక్కడ ఆగిపోయింది. రెండు శతాబ్దాలు గడిచాక తిక్కనగారు వచ్చి, ఆ అరణ్యం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశారు. మధ్యలో ఖాళీ అలాగే ఉండిపోయింది. ఎర్రనగారు పూరించేసరికి పద్నాలుగో శతాబ్దం. మనవాళ్ళు నాలుగు నెలలకే గోల!

కురిడీ కాయ:
మేష్టారూ, నన్నయగారు ఆదివారం ఆదివారం శాతం పెట్టలేదు కదండీ.

నాలుగో పీరియడ్:
పెట్టుంటే రాజుగారు కూడా మీలాగే అడిగేవారు, ఒప్పుకున్నా.

అర్ధరాత్రి దీపం:
మరి ఆ "ముగింపు" సంగతి ఎవరూ ఎత్తరేం? ఎవరో తొమ్మిది భాగాలు రాసి అభిమానుల గుంపులో వదిలారు. నేను ఆవిడే రాశారనుకుని రాత్రంతా చదివా. చివర్లో నాగుడు మనిషైపోయి అమలాపురంలో ఇల్లు కట్టుకుంటాడు. పొద్దున్నే తెలిసింది వేరేవాళ్ళ రాత అని. అది దొంగతనం కాదా?

లేసు దారం:
అది రాసింది నేనే.

మాది నర్సాపురం వైపు, మా ఇంట్లో మూడు తరాలుగా లేసు అల్లుతాం. చేతిలో దారం, చెవిలో ఆ సీరియల్. నా కూతురు చదువుతుంటే వింటూ అల్లేదాన్ని. ఆగిపోయాక చెయ్యి ఆడలేదు. అందుకని మాలో మేం చెప్పుకున్నాం, తర్వాత ఏమై ఉంటుందా అని. కూతురు టైపు చేసింది. ఒక్క రూపాయి తీసుకోలేదు. మొదటి భాగం మీద "ఇది మా ఊహ" అని ఉంది, రెండో భాగం నుంచి పెట్టడం మర్చిపోయాం. అది మా తప్పే.

నల్లకోటు కాకినాడ:
చట్టం చూస్తే ఒకరి కథని మార్చి రాయడానికి వాళ్ళ అనుమతి కావాలి, డబ్బు తీసుకోకపోయినా సరే. అందుకని కోర్టుకెళ్ళేవాళ్ళు ఉంటారనుకోను. ఓ మాట అడిగి ఉంటే పోయేది.

నాలుగో పీరియడ్:
ఎర్రనగారి పద్ధతి చూడండి అమ్మా. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన ధోరణిలోకి తెచ్చి కలిపారు, అతుకు తెలియకుండా. ఆ భాగాన్ని తన ప్రభువు వేమారెడ్డికి కాకుండా, ఏనాడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. మొదలుపెట్టినవాళ్ళది మొదలుపెట్టినవాళ్ళకే ఉంచి, తను పక్కకి తప్పుకున్నారు. మీరు రాసినదాంట్లో తప్పు లేదు. ప్రతి భాగం మీదా ఆ ఒక్క ముక్క ఉంచండి, చాలు.

కురిడీ కాయ:
నాకు వేరే అభ్యంతరం ఉంది. అసలు కథలో నాగుడు "ఆయ్, సెప్పండి" అంటాడు. అందుకే గదా మనందరికీ వాడంటే పిచ్చి! మీ తొమ్మిది భాగాల్లో వాడు ఒక్కసారి కూడా "ఆయ్" అనలేదు. హైదరాబాదు హాస్టల్లో ఉండొచ్చినట్టు మాట్లాడుతున్నాడు.

లేసు దారం:
టైపు చేసింది కూతురండీ. అది ఉండేది అక్కడే.

గౌతమి గట్టు:
రెండు రోజులుగా ఇటు రాలేదు. రేవు దగ్గర గారు రాసింది చదివాక రావడానికి మొహం చెల్లలేదు.

ఆ ఆరుగురిలో నేనొకదాన్ని. ముద్దు సంగతి అడిగింది నేను కాదు, కానీ అడిగినప్పుడు పక్కన నవ్వినదాన్ని. మాకు పండగ. తీర్థంలో కాళ్ళు నొప్పులు పుట్టేలా తిరిగి, ఇంత దగ్గరికొచ్చాం కదా అని వెళ్ళాం. ఆవిడ గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసినప్పుడు చేతులకి వరిపిండి ఉంది. "లోపలికి రండి" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు పడవ దాకా సాగనంపారు కూడా. అది మర్యాద అనుకున్నా, సంతోషం అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే, మేం మళ్ళీ వెనక్కి తిరిగి రాకుండా పడవెక్కామో లేదో చూసుకోవడానికి వచ్చారేమో.

ఇన్నీ తెలిసి నేనే ఈ ప్రశ్న పెట్టాను. అయినా అడగకూడదని మాత్రం నాకు అనిపించట్లేదు. ఎదురుచూడడం నా చేతుల్లో లేదు. ఇంటికెళ్ళి అడగడం తప్పు, అది ఒప్పుకుంటున్నా. క్షమించమని ఆవిడకి రాద్దామనుకున్నా. దానికి మళ్ళీ ఆవిడ జవాబివ్వాలి, ఆ పని కూడా మేమే నెత్తిన పెట్టినట్టవుతుందని ఆగాను.

రేవు దగ్గర:
రాయకండి. నేను ఏదో ఓ రోజు రేవులో మాటవరసకి చెప్తా.

మూడో హెచ్చరిక:
ఇవాళ ఆదివారం. ఎవరైనా పేజీ చూశారా? అంకె మారింది.

58.

అర్ధరాత్రి దీపం:
ఏంటిది! నాలుగు నెలలు ఆగి వెనక్కి వెళ్ళడమేంటి? ఎటకారమా?

లేసు దారం:
అయ్యో, కాదండీ. మీకు తెలీదు. లేసులో ఎక్కడో ఓ వరస తప్పితే, తప్పిన చోటు దాకా దారం లాగేసి మళ్ళీ అక్కణ్ణించి అల్లాలి. పైపైన సర్దితే ఉతికినప్పుడు ముడుచుకుపోద్ది. విప్పిన రోజు చేతిలో ఉన్నది తగ్గుతుంది, అంతే. విప్పడానికైనా ముందు కూర్చోవాలి కదా. ఆవిడ కూర్చున్నారు.

మూడో హెచ్చరిక:
తగ్గినా సరే, కదిలిన అంకె కదలని అంకె కంటే నయం. పలక ఉండనివ్వండి.

రేవు దగ్గర:
పైనెక్కడో వాన పడ్డట్టుంది, నిన్న మా రేవులో నీళ్ళు కాస్త రంగు మారాయి. సంబంధం ఉందని అనట్లేదు.

కురిడీ కాయ:
అంతా బాగానే ఉంది గానీ, ఆ పోయిన నాలుగు శాతంలో ఏముందంటారు? వెన్నెల్లో పంటు మీద నాగుడు ఆ పిల్లకి పూతరేకు తినిపించే సీను రెండో పుస్తకంలోదే కదా?

గౌతమి గట్టు:
అది తీసేస్తే మాత్రం నేను ఊరుకోను.